తుంగ తెచ్చిన తొలి బిందె

పూర్వం, పర్వతాలు తమ రెక్కలను ఇంకా మరచిపోని కాలంలో, తూర్పు దేశాన్ని విశాలకీర్తి మహారాజు పాలిస్తూ ఉండగా, ఒకనాటి ఉదయం నీలోద సరస్సు ఒడ్డున, శాద్వల మహర్షి ఆశ్రమంలో, తాగునీరు తేరుకోవడానికి కుండలో ఇండుపగింజ అరగదీస్తున్న నవవధువు, రాణి శారద్వతి దగ్గరకు, పోలి అనే బెస్త వనిత కుచ్చిళ్ల నుండి నీళ్లు కారుతుండగా పరుగెత్తుకుని వచ్చింది.

"రాణమ్మా! నడుం లోతు నీళ్లలో నిలబడి కిందికి చూస్తే నా మెట్టెలు కనబడ్డాయమ్మా! రెండు కాళ్లవీ!"

శారద్వతి చేతిలోని గింజ కుండలోకి జారిపోయింది. "మెట్టెలా, గులకరాళ్లా? సరిగ్గా చూశావా పోలీ?"

"మొగుడు పెట్టిన మెట్టెలు నాకు తెలియవా? ఇంకా మొగుడి గడప తొక్కని మీరు చెప్పాలా నాకు!"

ఆ మాటకు రాణికి సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ రాజవంశంలో కొత్తకోడలు నీలోదం నుండి తొలి బిందె నీరు తెచ్చి, కులదేవతకు అభిషేకం చేశాకే భర్త ఇంట అడుగుపెట్టాలి. పెళ్లిపందిరి నుండి తన వధువుకు సరస్సు నిండుగా కనబడాలని ముచ్చటపడి, విశాలకీర్తి ఒడ్డున పెరిగిన తుంగనూ జమ్మునూ మొదలంటా కోయించాడు. నగరపు మురుగును ఏళ్ల తరబడి వడగట్టిన ఆ పచ్చని జల్లెడ పోయేసరికి నీరు నల్లబడి, చేపలు వెల్లకిలా తేలి, పాశహస్తుడైన వరుణదేవుడు అలిగి సరస్సును విడిచిపోయాడు. శారద్వతి ఖాళీ బిందెతో ఈ ఒడ్డున ఆగిపోయింది. రాజు అవతలి ఒడ్డున, మేడలో, ఒంటరిగా మిగిలాడు.

"తుంగను తెచ్చి నిలుపు, రాజా" అని మాత్రమే సెలవిచ్చి, శాద్వల మహర్షి మౌనవ్రతం పట్టాడు. వెంటనే రాజు వేయి ఏనుగులను పడమటికి పంపి, తుంగానది నీటిని కుండలకెత్తించి, ఆరు నెలలు శ్రమించి తెప్పించి సరస్సులో పోయించాడు. తొమ్మిది రోజుల్లో ఆ నీరూ కుళ్లింది.

అది చూసి పోలి పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో దొరా! ముని చెప్పింది ఏరు కాదు, గడ్డి! తమరు కోయించిందే!"

మౌనంలో ఉన్న మహర్షి గడ్డం కూడా సన్నగా కదిలింది.

నాటి నుండి రాజు కిరీటం తీసి పక్కనపెట్టి, మోకాలి లోతు బురదలో దిగి ఆ ఒడ్డున తుంగ నాటాడు. ఈ ఒడ్డున శారద్వతి నాటింది. మురుగు కాలువల నోళ్ల దగ్గర వట్టివేరు పాతారు, నత్తలను వదిలారు, చేపపిల్లలను వదిలారు. వేయి ఏనుగులకు సాధ్యం కానిది వేలెడు గడ్డిపోచలు ఎనిమిది నెలల్లో సాధించాయి!

ఈ ఉదయం పోలి మాట విని, శారద్వతి సరస్సులో నడుం లోతుకు దిగి తల వంచింది. మెట్టెలు తళుక్కుమన్నాయి. ఒక చేపపిల్ల వచ్చి ఆమె కాలి చిటికెనవేలిని కొరికి చూసింది. అంతలో ఆవలి ఒడ్డు నుండి ఈదుతూ రాజు కూడా చేరగా, సరస్సు నడిమి నీరు ఒక్కసారిగా స్ఫటికంలా వెలిగి, కొంగల బారులు ఆకాశానికి లేవగా, మకరవాహనుడైన వరుణుడు ప్రత్యక్షమయ్యాడు.  ఇద్దరి చేతులూ వాటంతటవే జోడయ్యాయి.

"మహారాజా, కోయించిన చేతులతోనే నాటావు. ఈ తుంగ నిలిచినంత కాలం నేను ఈ నీటిని విడువను" అని వరమిచ్చి, ఆ జలాధిపతి తన సరస్సులో తాను లీనమయ్యాడు.

రాజు శారద్వతి వైపు తిరిగి, "దేవీ, రేపు సూర్యోదయాన తొలి బిందెతో నీవు ముందు నడువు. మన గడప ముందరి కాలువలో నాటడానికి తుంగను తీసుకుని నేను వెనుక వస్తాను" అన్నాడు.

"ఏ తుంగ, ప్రభూ?" అంది శారద్వతి.