మోకాళ్ళు వంచని చుక్క గాడిద

ఏప్రిల్ అయిదో తేదీ, మట్టల ఆదివారం నాడు, వెలగదుర్గం సంస్థానంలో అన్యాయం జరిగింది ఉప్పు అమ్ముకునే సువార్తమ్మకి. ఆమెకున్న ఒక్కగానొక్క ఆస్తి, నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క అనే గాడిద. దాని మీద ‘ఆరాధనా ధిక్కారం’ అని నేరం మోపి కోట గుంజకి కట్టేశారు.

గాడిద మీద నేరమేమిటని నవ్వకండి. రాజావారి సంగతి తెలిస్తే ఏడుపొస్తుంది. ఆయన కిందటేడు బాప్తిస్మం పుచ్చుకుని సొలొమోను జగ్గభూపతి అయ్యారు. అంత జ్ఞాని పేరు పెట్టుకున్నాక ఊరుకుంటారా? తీర్పులు చెప్పాలని ఒకటే దురద.

ఆ ఆదివారం ఊరేగింపులో గాడిదనెక్కింది ఆస్థాన వాక్యపండితుడు హిజ్కియా. మొట్టమొదటి మట్టల ఆదివారం నాడు గాడిద మీద వచ్చిన ప్రభువు ఎంత తగ్గించుకుని వచ్చాడో పండితుడికి గుర్తులేదు. పట్టుగొడుగు మాత్రం మరిచిపోలేదు. చర్చి వాకిట్లో రాజావారికి సరదా పుట్టింది.

"ప్రతి మోకాలూ వంగుతుందని గ్రంథంలో ఉందిగా. గాడిదకి నాలుగున్నాయి. వంగమనండి!"

చుక్క వంగలేదు. పండితుడు బెత్తంతో మూడు బాదాడు. అప్పుడూ వంగలేదు. మట్టలు పట్టుకున్న జనం కిసుక్కున నవ్వారు. పండితుడికి తల కొట్టేసినట్టయింది. అదీ అసలు నేరం.

మంగళవారం సభ తీర్చారు. రాజావారు మీసం దువ్వి అడిగారు.

"ఈ గాడిదకి సొంత చిత్తం ఉందా, లేదా? తేల్చినవాళ్ళకి కోరింది ఇస్తాం. ఎవరూ తేల్చకపోతే దాన్ని రెండు ముక్కలు చేయిస్తాం. సొలొమోను తీర్పంటే అదే కదా!"

సువార్తమ్మ గొల్లుమంది. "బాబూ, అది లేకపోతే ఉప్పు మూటలు కొండెక్కవు, నా పొయ్యి వెలగదు!"

రాజావారి పక్కన గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న దోర్కమ్మకి ఒళ్ళు మండింది. రాజావారి చూపు మందం. రోజూ గ్రంథం చదివి వినిపించడం దోర్కమ్మ కొలువు. అర్థం చెప్పడం హిజ్కియా కొలువు. చదివే కష్టమంతా ఈమెది, శాలువాలన్నీ ఆయనవి.

"ఆ కథలో ఒక బిడ్డకి ఇద్దరు తల్లులు పోట్లాడుకున్నారు దొరా," అంది. "ఇక్కడ గాడిద నాదంటున్నది ఒక్కతే. రెండో ముక్క ఎవరికిస్తారు?"

రాజావారు కత్తి తేబోతున్న భటుణ్ణి వెనక్కి పిలిచారు.

హిజ్కియా లేచాడు. "జగత్తుకి పునాది వెయ్యకముందే సమస్తం రాసిపెట్టి ఉంది. ఈ గాడిద తోక ఏ పూట ఎటు ఊపుతుందో కూడా! దేనికీ సొంత చిత్తం లేదు."

"అయితే అది వంగకపోవడమూ రాసిపెట్టిందేగా అయ్యగారూ? మరి దానికి శిక్షెందుకు?" అంది దోర్కమ్మ.

"రాత దేవుడిది, నేరం గాడిదది! నువ్వు చదివేదానివి, చదువు. గ్రంథంలో అక్షరం ఎలా ఉంటే అలాగే తీసుకోవాలి. సొంత తెలివి కలపకూడదు."

"అక్షరం ఎలా ఉంటే అలాగేనా?"

"అలాగే!"

దోర్కమ్మ పేజీ తిప్పింది. "ఇందులో ఒక గాడిద దారిలో ఆగిపోయింది. ఎక్కినాయన మూడుసార్లు కొట్టాడు. తీరా చూస్తే ఎదురుగా కత్తి దూసిన దేవదూత. గాడిదకి కనబడ్డాడు, ఎక్కినాయనకి కనబడలేదు. తమరెన్ని కొట్టారు?"

"మూడు," అన్నారు సభలో అందరూ.

"మరి తమకి దూత కనబడ్డాడా?"

కనబడలేదంటే గాడిద కన్నా తీసికట్టు. హిజ్కియా ఛాతీ విరిచాడు. "కనబడకేం? స్పష్టంగా కనబడ్డాడు!"

రాజావారు గద్దె మీంచి దిగ్గున లేచారు. "కత్తి దూసుకుని నిలబడితే నాకు చెప్పవేమయ్యా? నీ వెనకాలే నడుస్తున్నానే!"

"అంటే... సరిగ్గా కనబడలేదు..."

"గాడిదకి సరిగ్గానే కనబడ్డాడులెండి," అంది దోర్కమ్మ.

సభ గొల్లుమంది. రాజావారు మాత్రం పట్టు వదల్లేదు. "అదంతా సరే. మోకాళ్ళ సంగతేమిటి? అది వంగేదా కాదా?"

దోర్కమ్మ చుక్కని సభలోకి తెప్పించింది. దాని వీపు మీద హిజ్కియా ఊరేగిన జీను ఇంకా అలాగే ఉంది, జరీ కుచ్చులతో సహా.

"సువార్తమ్మా, రోజూ కొండ దిగొచ్చాక దీన్నేం చేస్తావు?"

"ఏం చేస్తానమ్మా, బరువు దించుతాను."

"దించు."

సువార్తమ్మ జీను విప్పి కింద పడేసి, "అయిపోయిందే తల్లీ," అని వీపు నిమిరింది. చుక్క ఒళ్ళు విదిలించింది. ముందు కాళ్ళు మడిచింది, వెనక కాళ్ళు మడిచింది, నాలుగు మోకాళ్ళూ నేలకానించి, రాజావారి తివాచీ మీద హాయిగా పొర్లి, కోటంతా మోగేలా ఓండ్ర పెట్టింది.

రాజావారు నోరు తెరిచారు. "మరి ఆదివారం ఎందుకు వంగలేదు?"

"ఆదివారం పండితులవారు వీపు మీద ఉన్నారు దొరా. ఆయన దిగితే ఎవరైనా మొక్కుతారు."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. "సొంత చిత్తం ఉంది! దండిగా ఉంది! కోరుకో దోర్కమ్మా."

"గాడిద సువార్తమ్మకి, పట్టుగొడుగు నాకు. ఈస్టరు దాకా ఉప్పు మూటల్లో సగం అయ్యగారికి."

హిజ్కియా అదిరిపడ్డాడు. "నేను ఉప్పు మొయ్యడమేమిటి? ఇది అన్యాయం!"

"మనమేం చేస్తాం అయ్యగారూ?" అంది దోర్కమ్మ.

"జగత్తుకి పునాది వెయ్యకముందే రాసిపెట్టి ఉంది."

ఆ నవ్వుల మధ్యే మూట ఆయన నెత్తికెక్కింది. పండితుడు హిజ్కియా కేవలం తన సొంత చిత్తంతోనే ఉప్పు ఎత్తుకున్నాడని దివాణం పుస్తకంలో రాసి ముద్ర వేశారు. తేదీ: ఏప్రిల్ ఏడు, మంగళవారం.