వెదుళ్ల మేత

రాజుగారి తోటలో వెదురాకులు పసుపెక్కాయి. చలి ముదిరేలోగా మొదళ్లకి ఎరువుగా వెయ్యమని ఆయన గానుగల నుంచి బళ్లకొద్దీ తెలగపిండి ఇప్పించాడు. ఆ బళ్లన్నీ దారిలోనే దివాను భైరవయ్యగారి పశువుల కొట్టానికి మళ్లాయి. గేదెలు నిగనిగలాడాయి, వెదుళ్లు ఇంకా పాలిపోయాయి.

“పిండి ఎప్పుడో పంపాం ప్రభూ. ఈ తోటమనిషి నూకాలే వెయ్యలేదు. కొరడా దెబ్బలు పడితేగాని దీనికి బుద్ధి రాదు,” అన్నాడు దివాను.

“ఒక్క రోజు గడువివ్వండి ప్రభూ, ఆ పిండే వేసి చూపిస్తాను,” అంది నూకాలు.

మర్నాడు రాజు వచ్చేసరికి ప్రతి వెదురు పొద దగ్గరా ఒక గేదె కట్టేసి ఉంది.

“నా గేదెల్ని ఇక్కడికెవరు తోలారు?” అని మండిపడ్డాడు దివాను.

“నేనే బాబూ. వెదుళ్లకిచ్చిన పిండంతా వీటి కడుపుల్లో ఉంది. వెనకనించి కొంచెం కొంచెంగా మొదళ్లలో పడుతోంది. చలి ముదిరేదాకా ఇక్కడే ఉండనివ్వండి.”

రాజు నవ్వాపుకుని, “అప్పటికీ వెదుళ్లు తేరుకోకపోతే?” అని అడిగాడు.

“అయితే కొంత పాలల్లోకి పోయుంటుంది ప్రభూ. ఆ పాలు తాగినాయన్ని కూడా తెచ్చి ఇక్కడే కట్టెయ్యాలి.”