నూకాలత్త దూలానికి క్రేను

లోవపాలెంలో గౌరినాయుడి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళే అంటారు. గౌరినాయుడు, అతని పెళ్ళాం పారమ్మ, తమ్ముడు తవిటినాయుడు, ముగ్గురూ ముగ్గురే. "సెప్పింది సెప్పినట్టు సేసీడమే తెలివంటే. సొంతంగా ఆలోచించి ఎవుడు బాగుపడ్డాడు?" అని గౌరినాయుడు మీసం దువ్వేవాడు. ఆలోచించని తలలు మిగతా రెండూ ఊగేవి.

వాళ్ళ మేనత్త నూకాలమ్మ అదే ఊళ్ళో ఉంటుంది. మొన్నటి గాలివానకి ఆవిడ ఇంటి దూలం విరిగి కప్పు కూలిపోయింది. పాపం, నాలుగు గోడల మధ్య టార్పాలిన్ కట్టుకుని బతుకుతోంది. గౌరినాయుడి తోటలో ఇరవై అడుగుల మద్ది దుంగ పడి ఉంది. దూలానికి అది ఇస్తామన్నారు. ఇచ్చి ఊరుకుంటే బాగుండును. దాన్ని మోసుకురావడానికని దుంగలెత్తే పాత క్రేను ఒకటి కొనుక్కొచ్చి పెరట్లో దించారు.

"వాన పడీలోగా నా వాకిట్లో దుంగ దించండర్రా. వడ్రంగి కాసుక్కూకున్నాడు" అంది అత్త.

వెల్డింగు షాపు కరీం మేస్త్రి మూడే మూడు మాటలు చెప్పాడు. "క్రేనుని మీ ట్రాక్టరు ట్రక్కు మీదికి ఎక్కించండి. బోల్టులు బిగించండి, ఆపైన క్రేను ఇసుమంత కూడా కదలకూడదు. దుంగ ఎత్తేటప్పుడు అవతలి పక్క సమానంగా బరువుండాలి, లేపోతే ట్రక్కు తిరగబడిపోద్ది." చెప్పి, కూతురి పెళ్ళిచూపుల పనుందని బస్సెక్కేశాడు. ఆ బస్సేదో తప్పిపోయినా అత్త బతుకు బాగుపడేది.

"క్రేనుని మనం ఎత్తడమేటన్నయ్యా?" అన్నాడు తవిటినాయుడు. "ఎత్తడం దాని పని. అదే ఎక్కుతాది." అంతే. క్రేనుని నడిపే నూనె గొట్టాలు ట్రాక్టరుకి తగిలించి మీట లాగాడు. క్రేను చెయ్యి చాచి ట్రక్కు అంచు పట్టుకుంది. ఇంకేముంది! ట్రక్కు గాల్లోకి లేచి, గిర్రున తిరిగి, క్రేను నెత్తి మీద బోర్లా పడింది. చక్రాలు ఆకాశం వైపు తిరుగుతున్నాయి. కోళ్ళు ఇంటికప్పు ఎక్కేశాయి.

పారమ్మ చంకలు గుద్దుకుంది. "ట్రక్కుకెంత బుద్ధి సూడు! క్రేను బద్దకించిందని అదే ఎక్కీసింది!"

చప్పుడుకి నూకాలత్త పరిగెత్తుకొచ్చి నెత్తి బాదుకుంది. పదిమంది కూలీలని పిలిచి, దగ్గరుండి ట్రక్కుని దింపించి, క్రేనుని దాని మీద నిలబెట్టించింది. "బోల్టులు బిగించి రేప్పొద్దున్నే తెచ్చీండి బాబూ, మబ్బులు పడతన్నాయి" అని బతిమాలి వెళ్ళింది.

బోల్టులు బాగానే బిగించారు. ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత కదులుతుందో లేదో చూద్దామని గౌరినాయుడు క్రేనుని ఒక్క తోపు తోశాడు. ట్రక్కుకి చక్రాలున్నాయి కదా, నాలుగడుగులు దొర్లింది. దాని మీద క్రేనూ కదిలింది.

"ఓలమ్మో! మేస్త్రి ఇసుమంత అన్నాడు. ఇది నాలుగడుగులు కదిలీసింది!" అంది పారమ్మ.

అంతే. గోతులు తవ్వారు, చక్రాలు ఇరుసుదాకా దింపారు, అత్త తన ఇంటి మరమ్మతుకని వీళ్ళ కొట్లో దాచుకున్న సిమెంటు బస్తాలు మూడూ తెచ్చి పోశారు. పొద్దున్నకి రాయైపోయింది. ముగ్గురూ కలిసి తోసినా కదల్లేదు. సంబరంగా కొబ్బరికాయ కొట్టారు.

కాయ కొట్టాక తవిటినాయుడికి చిన్న అనుమానం వచ్చింది. "అన్నయ్యా, ఇది తోటకెలా ఎల్తాది?"

"పెద్ద యంత్రం, అది ఎల్తాదేటి? దుంగనే దాని దగ్గరికి తీసుకొద్దాం."

పదహారుమంది కూలీలు దుంగకి తాళ్ళు కట్టి, కర్రలు దూర్చి, భుజాలకెత్తుకున్నారు. తోటనుంచి గౌరినాయుడి ఇంటికి రావాలంటే నూకాలత్త వాకిలి మీంచే దారి. దుంగని చూసి అత్త కళ్ళు మెరిశాయి. "నా తండ్రులే! ఇక్కడ దించీండ్రా!"

"దించడమేటత్తా?" గౌరినాయుడు నవ్వాడు. "ఎక్కించకుండా దించుతారా ఎవరైనా? ముందు క్రేను ట్రక్కు మీద పెడతాది, ఆపైన దించుతాం."

అత్త దుంగ వెంట పడింది, తాడు పట్టుకు లాగింది, తిట్టింది. కూలీలకి భుజాలు నొప్పి, ఆగలేదు. దుంగ ఆవిడ గుమ్మం ముందునుంచే సాగిపోయింది. ముసలావిడ అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

ఇంటి దగ్గర మూడో మాట గుర్తొచ్చింది. అవతలి పక్క సమానంగా బరువుండాలి. ఏం పెట్టాలి? రుబ్బురోలు పెట్టారు, చాల్లేదు. ఎద్దుని ఎక్కించబోతే తన్నింది. పారమ్మ ఎక్కి కూర్చుంటానంది గాని తన బరువెంతో చెప్పనంది. 

తవిటినాయుడు చిటికేశాడు. "దుంగకి సమానమైంది దుంగే కదన్నయ్యా! సగం ఇటు, సగం అటు!"

అంతే. రంపం తెచ్చారు, కొలతాడు పెట్టి నడిమధ్యకి కోసేశారు. సగం అటు పెట్టి సగం ఇటు ఎత్తారు. ట్రక్కు తిరగబడితే ఒట్టు. సిమెంటులో ఉన్నది ఎలా తిరగబడుతుంది?

కళ్ళు తుడుచుకుని నూకాలత్త వచ్చేసరికి పది అడుగుల ముక్కలు రెండు ట్రక్కు మీద ఉన్నాయి. ఆవిడ ఇల్లు ఇరవై అడుగులు. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అత్త విసవిసా వాళ్ళ ఇంట్లోకే నడిచి గడియ పెట్టేసింది. కిటికీలోంచి అరిచింది. "ఆ రెండు ముక్కలూ మళ్ళీ ఒకటయీదాకా ఇది నా ఇల్లు! మీరు గుమ్మం తొక్కారో, కాళ్ళు విరగ్గొడతాను!"

ముగ్గురూ తడుస్తూ మొహాలు చూసుకున్నారు. మరుక్షణం పారమ్మ పశువులపాక వైపు పరిగెత్తింది. 

గంటసేపటికి అత్త వాళ్ళ కుంపటి దగ్గర చలి కాచుకుని, వాళ్ళ అన్నం తిని, కిటికీ తెరిచి చూసింది. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. కోసినచోట మినపపిండి, కోడిగుడ్డు సొన పట్టించి, చుట్టూ వెదురుబద్దలు పెట్టి, పారమ్మ పాత చీరతో గట్టిగా కట్టు కట్టి ఉంది. కట్టు తడవకుండా గౌరినాయుడు ఒక్క గొడుగూ దాని మీద పట్టుకుని, తను నిలువునా నానుతున్నాడు. తవిటినాయుడు దుంగని మెల్లగా నిమురుతున్నాడు.

"ఎన్నాళ్ళర్రా ఇలాగ?" అంది అత్త.

"గట్టిగా అరవకత్తా, ఇప్పుడే కునుకు పట్టింది" అన్నాడు గౌరినాయుడు. "మనుషులకైతే నలభై రోజులు. ఇది ముసలి మాను, ఇంకో పది ఏసుకో."