ఓర్పు అని పేరున్న మంత్రసాని

మీ తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక ఊళ్ళో హలీమా అనే మంత్రసాని ఉండేది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. మిగతా సగం పుట్టకపోయినా ఊరికి నష్టమేమీ లేదు.

అదే ఊళ్ళో గాజుల దస్తగిరి ఉండేవాడు. ఆడవాళ్ళ చేతులకి గాజులు తొడిగి బతికేవాడు. తన ఇంట్లో ఆడపిల్ల పుడితే మాత్రం వాడికి అన్నం సయించేది కాదు. మొదటి కూతురు పుడితే మొహం ముడిచాడు. రెండో కూతురు పుడితే వీపు తిప్పాడు. మూడో కూతురు పుట్టింది. ఏడో రోజు పేరు పెట్టాలి.

"దీనికి పేరొకటా? చాలుబీ అనండి. ఇక చాలని దేవుడికైనా తెలుస్తుంది" అన్నాడు.

బాలింత గోడవైపు తిరిగి ఏడ్చింది. హలీమాకి ఒళ్ళు మండింది.

"ఒరే దస్తగిరీ, బతుకంతా ఆ పిల్ల చాలు చాలని పిలిపించుకోవాలా? మంచి పేరు పెట్టు."

"నీ పేరుకి అర్థమే ఓర్పు గదా అవ్వా. ఓర్చుకో."

ముల్లా దగ్గరికి వెళ్ళింది. ఆయన గడ్డం దువ్వుకున్నాడు. రోజులో ఆయన చేసే పెద్ద పని అదే. "తండ్రి ఇష్టం. అరబ్బీలో నీ పేరుకి అర్థమే ఓర్పు. ఓర్చుకో."

ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయనకి అరబ్బీ ఒక్క ముక్క రాదు. "నీ పేరుకి అర్థమే ఓర్పటగా. ఓర్చుకో."

హలీమా నడివీధిలో నిలబడి అరిచింది.

"ఓర్పంటే నోరు మూసుకోవడమా? ప్రవక్తకి పాలిచ్చిన తల్లి పేరు నాది! తండ్రి లేని బిడ్డ, కూలి గిట్టదని దాదులంతా వదిలేస్తే, ఆమె ఎత్తుకుపోయి పెంచింది. వద్దన్న బిడ్డని మోసే ఓర్పురా అది. మీ మాటలు మోసే ఓర్పు కాదు!"

తరవాత గడప గడపకీ వెళ్ళింది. ప్రతి గడపలో ఒకటే మాట. "పిల్లకి పేరు పెట్టేదాకా వాడికి చెయ్యి చాపకండి."

మొదటి రోజు దస్తగిరి పడమటి వీధిలో "గాజులోయ్!" అని అరిచాడు. ఒక్క చెయ్యీ చాపలేదు. రెండో రోజు తూర్పు వీధిలో అరిచాడు. ఒక్క చెయ్యీ చాపలేదు. మూడో రోజు ఇంటికొచ్చి కన్నతల్లి ముందు కూర్చున్నాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

అప్పుడు పిల్లని ఎత్తుకుని హలీమా దగ్గరికి వచ్చాడు. "ఏం పేరు పెట్టను అవ్వా?" అని గొణిగాడు.

"గట్టిగా అడుగు. వీధికి వినపడాలి."

గట్టిగా అడిగాడు.

"నా పేరే పెట్టు. రోజూ పిలువు, రోజూ ఏడువు."

వీధంతా చూస్తుండగా పిల్ల చెవిలో "హలీమా" అన్నాడు.

ఆ మంత్రసాని పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆడపిల్ల పుట్టిందని ఏ మగవాడైనా మొహం ముడిస్తే, ఆడవాళ్ళు సమాధుల వైపు చూసి "హలీమాని లేపమంటావా?" అంటారు.

ఇంతవరకూ లేపాల్సిన అవసరం రాలేదు.