భూషణం పొట్టు బస్తాలు

ఎర్రకొండ వెనక అడవిలో ఎలుగుబంటి భూషణం తన గుహలోనే వడ్రంగం చేసేవాడు. పీటలు, ఉయ్యాల బల్లలు, గూళ్లకు తలుపులు, ఏది చేసినా నున్నగా చేసేవాడు. ఇబ్బందల్లా పొట్టుతోనే. రంపపు పొట్టు, చిత్రిక పట్టగా రాలిన పొరలు, తెగిన ముక్కలు మోకాలెత్తు పేరుకుపోయి పడుకోవడానికి చోటుండేది కాదు.

"నేను తీసుకుపోతాలే మావా," అన్నాడు నక్క సూరిబాబు.

"ఎక్కడ పోస్తావు?"

"కొండ అవతల, పాత రాతి గోతుల్లో. పొద్దున్నే బయల్దేరితే చేరేసరికి ఎండెక్కుతుంది. రోజుకో తేనెపట్టు ముక్క పెట్టు, చాలు."

భూషణానికి ప్రాణం లేచొచ్చింది. రోజూ ఒక బస్తా పోతోంది, గుహ శుభ్రంగా ఉంటోంది. ఇంకేమీ అడగలేదు.

పదిరోజులయ్యాక కుందేలు మంగాయి పరుగున వచ్చింది. ఒళ్లంతా దుమ్ము.

"బావగారూ, మా బొరియకు గట్టి తలుపు చేసిపెట్టండి."

"బొరియకు తలుపెందుకమ్మా?"

"నేను మేతకెళ్లి వచ్చేసరికి ఎవరో గుమ్మం నిండా పొట్టు కుమ్మరిస్తున్నారు. ఇవాళ పిల్లలు ముగ్గురూ లోపలే ఉండిపోయారు. తవ్వి తీసేసరికి చిన్నదానికి ఊపిరాడటం లేదు. ఇప్పుడిప్పుడే కళ్లు తెరిచింది."

భూషణం ఆమె చెవి మీది దుమ్ము చిటికెడు తీసి వాసన చూశాడు. నిన్న తను కోసిన టేకు!

"తలుపొద్దమ్మా. ఆ పొట్టు నాదే. ఎటు పోతోందో ఒక్కసారైనా వెళ్లి చూడలేదు నేను," అంటూ తల దించుకున్నాడు.

మర్నాడు సూరిబాబు వచ్చేసరికి రెండు బస్తాలు కట్టి ఉన్నాయి.

"అల్లుడూ, ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావు. ఇవాళ నేనూ వస్తా. పెద్దది నీకు అలవాటేగా, ఎత్తుకో."

"ఎండ మావా! నీ మోకాళ్లు అసలే..."

"రోజూ నీకు తగలని ఎండ ఇవాళ నాకు తగులుతుందా? దారి చూపించు."

సూరిబాబు అంతకుముందెప్పుడూ ఆ కొండెక్కిన పాపాన పోలేదు. మూడుసార్లు దారి తప్పాడు. నాలుక బయటపెట్టి గోతుల దగ్గర కూలబడ్డాడు. గోతుల నిండా పచ్చగడ్డి తప్ప మరేం లేదు.

"పది బస్తాలు పోశావు కదా, ఏవీ?"

"గాలికి కొట్టుకుపోయాయి మావా."

"చెక్క ముక్కలు కూడానా?"

సూరిబాబు గబగబా తన బస్తా మూతి విప్పబోయాడు.

"అంత గాలి వీస్తే ఇది కూడా ఎవరింట్లోనో పడుతుంది. ఎత్తుకో, వెనక్కి తీసుకుపోదాం," అన్నాడు భూషణం, గొంతైనా పెంచకుండా.

గుహ చేరేసరికి మంగాయి పిల్లలతో గుమ్మంలో కూర్చుని ఉంది. ముందురోజు పొట్టులో ఊపిరాడక వాడిపోయిన చిన్నదాన్ని చూడగానే సూరిబాబు బస్తా దించి, "తప్పయిపోయింది వదినా, కొండెక్కే బద్ధకంతో మీ గుమ్మంలో పోశాను," అన్నాడు. ఆ సాయంత్రం తేనె దొరకలేదు. బొరియ ముందు మిగిలిన పొట్టంతా ఎత్తేదాకా భూషణం అతన్ని ఇంటికీ పోనివ్వలేదు.

భూషణం కూర్చుని అన్నీ వేరుచేశాడు. శుభ్రమైన పొట్టు, పొరలు కొండ కింది గేదెల కొట్టంలో తడి పీల్చడానికి, ముక్కలు పొయ్యిలోకి. రంగు పూసిన పాత చెక్కల ముక్కలు, రంగు విషం కనుక, పొయ్యిలోనూ గేదెల కిందా పడకుండా విడిగా బుట్టలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఏ బస్తా ఎవరింటికి చేరిందో తనే వెళ్లి చూసొచ్చేవాడు.

నీతి: మన చెత్త మన గుమ్మం దాటితే చాలదు, అది ఎవరి గుమ్మంలో పడిందో కూడా మనమే చూసుకోవాలి.