ఖాళీ వదలని అమ్మాయి

"మేడమ్, ఈ మార్కులు డాక్టరు చదువుకి సరిపోతాయా?" అని ఆ వారంలో ఎన్నోసారి అడిగిందో చందనకే తెలియదు. అడిగిన ప్రతిసారీ డాక్టర్ పేరిందేవి గారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ "చూద్దాం" అనేవారు. వైద్య కళాశాలలో జీవితమంతా పాఠాలు చెప్పి, ఉద్యోగం అయ్యాక గోదావరి ఒడ్డున సొంత ఊరు చేరిన మనిషి ఆవిడ. పగలు రోగుల్ని చూస్తూ, సాయంత్రాలు ఇంటి వరండాలో పిల్లలకి జీవశాస్త్రం చెప్పేవారు. ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబిచ్చే అలవాటు ఆవిడకి లేదు. పిల్లలు దాన్ని వయసు తెచ్చిన చాదస్తం అనుకునేవాళ్లు.

చందన సంగతి వేరు. జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఆమె వల్ల కాదు. "ఖాళీ వదిలితే సున్నా, ఏదో ఒకటి రాస్తే అరమార్కు" అన్నది ఆమె చదివిన కాలేజీలో రోజూ పొద్దున్నే వినిపించే మంత్రం. ఇంటర్ పరీక్షల్లో ఆ మంత్రం బాగానే పనిచేసింది. ప్రవేశ పరీక్షలో తప్పు జవాబుకి మార్కులు కోస్తారని తెలిసినా చెయ్యి ఊరుకోలేదు. తెలిసినవాటితో పాటు తెలియనివీ నింపేసి వచ్చింది. దాంతో ఆమె మార్కులు సీటుకి అవతలా కాకుండా ఇవతలా కాకుండా గట్టు మీద నిలబడ్డాయి. సీటొస్తే వాళ్ల ఇంటా వంటా మొదటి డాక్టరు. రాకపోతే ఇంకో ఏడాది కోచింగుకి పంపే ఓపిక తనకి లేదని తండ్రి ముందే చెప్పేశాడు. వీధిలో మాత్రం సీటు రాకముందే ఆమె డాక్టరమ్మ అయిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పిలుపు ఆమెకి బాగానే ఉండేది.

ఆ సాయంత్రం పేరిందేవి గారు స్నానానికి వెళ్లారు. మిగతా పిల్లలు ఇంకా రాలేదు. వరండాలో చందన ఒక్కతే ఉండగా, ఏటి అవతల లంకలో కాపురముండే నూకరత్నం అత్తగారితో కలిసి వచ్చింది. నూకరత్నానికి ఎనిమిదో నెల.

"డాక్టరమ్మగారు లేరా పాపగారూ? రెండ్రోజుల్నించీ ఒకటే తలపోటండి. కాళ్లు చూడండి, చెప్పులు పట్టట్లేదు."

"స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అంటే సరిపోయేది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి తొందరపెట్టింది. మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్లే వేళైంది, అది తప్పితే మళ్లీ తెల్లారేదాకా లంకకి దారి లేదు. "నువ్వూ డాక్టరమ్మవేగా తల్లీ, నువ్వు చెప్పు" అంది ఆవిడ.

ఆ మాటతో చందన సర్దుకుని కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్లకి ఒంట్లో రక్తం పెరుగుతుందనీ, కాళ్లకి నీరు దిగడం మామూలేననీ, తలపోటు ఎండవల్లేననీ, ఉప్పు తగ్గించి కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకోమనీ, నాలుగు మార్కుల ప్రశ్నకి రాసినట్టు వరసగా చెప్పింది. రక్తం సంగతి పుస్తకంలోది. మిగతాది నాయనమ్మ ఎవరితోనో అంటుండగా విన్నది. రెండూ కలిపి చెబితే వినడానికి ఎంతో బాగుంది. వాళ్లు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

పేరిందేవి గారు తల తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎవరో మాట్లాడినట్టుందే అన్నారు. చందన కాస్త గర్వంగానే అంతా అప్పజెప్పింది. వింటూ వింటూ ఆవిడ తువ్వాలు పక్కన పెట్టేశారు.

"తెలిసి చెప్పావా, ఖాళీ వదలకూడదని చెప్పావా?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

"ఎనిమిదో నెలలో కాళ్లవాపూ తలపోటూ కలిసి వస్తే బీపీ చూడకుండా పంపకూడదు. తల్లికీ బిడ్డకీ కూడా ప్రాణం మీదికి రావచ్చు. నా మోకాళ్లతో నేను అందుకోలేను. నువ్వు పరిగెత్తు."

చందన చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తింది. దారి పొడుగునా ఒకటే భయం, తను చెప్పినట్టే విని ఆ మనిషి ఇంటికెళ్లి పడుకుంటుందని. తన మాట ఎవరైనా నమ్ముతారన్నది అంత భయపెట్టే విషయమని ఆమెకి అంతవరకూ తెలియదు.

రేవు చేరేసరికి పంటు ఇంజను మొదలైంది, తాడు విప్పుతున్నారు. "నూకరత్నంగారూ, దిగండి, మేడమ్ చూస్తారట" అని కేకేసింది. అత్తగారికి కోపమొచ్చింది. "ఇందాక మామూలే అన్నావు కదమ్మా? ఈ పంటు పోతే రాత్రికి మేం ఎక్కడ తలదాచుకోవాలి?"

పంటు నిండా ఎరిగిన మొహాలే. ఆమెని మొదట డాక్టరమ్మా అని పిలిచిన పాలాయన కూడా సైకిలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆ క్షణంలో చందనకి ఇంకో జవాబు తట్టింది. మేడమ్ ఏదో టానిక్కు ఇస్తానన్నారు అనొచ్చు. వినడానికి అదీ బాగానే ఉండేది.

"నాకు తెలీకపోయినా చెప్పానండి" అంది. ఇంజను చప్పుడులో వినపడలేదు. ఇంకోసారి, రేవంతా వినేట్టు అరిచి చెప్పాల్సొచ్చింది. "నాకేం తెలీదండి. తెలిసినట్టు చెప్పాను. మీ కాళ్లు పట్టుకుంటాను, దిగండి."

పంటు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పాలాయన నవ్వకుండా సైకిలు పక్కకి లాగి దారిచ్చాడు. చందనకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. అయినా అత్తాకోడళ్లు దిగి ఒడ్డెక్కేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

బీపీ చూశాక పేరిందేవి గారు ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. చెయ్యాల్సిన ఇంజక్షను చేసి, పెద్దాసుపత్రిలో తన దగ్గర చదువుకున్న డాక్టరుకి ఫోను చేసి, అంబులెన్సు పిలిపించి ఇద్దర్నీ ఎక్కించారు. ఎక్కేముందు అత్తగారు చందన చెయ్యి పట్టుకుంది. తిట్టాలో మెచ్చుకోవాలో తోచక కాబోలు, వెంటనే వదిలేసి బండెక్కింది.

బండి మలుపు తిరిగి కనుమరుగైనా చందన గేటు దగ్గరే నిలబడి ఉంది. వారం రోజులుగా నోట్లో నానుతున్న ప్రశ్న ఇప్పుడు నోటికి రాలేదు.

"మేడమ్, ఆవిడకేం కాదు కదా?"

పేరిందేవి గారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"తెలీదమ్మా. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాను, నువ్వూ రా. మార్కుల సంగతి దారిలో అడుగు, గుర్తుంటే."