గడప తొక్కని ముప్ఫై ఇళ్ళు

వకుళకు లెక్క తేలింది. తేలినందుకే దిగులు పట్టుకుంది.

ఆమె విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. తప్పు చేసి దొరికిన పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఉంచే బాలుర గృహం గురించి. అక్కడి పని ఆమెకు దగ్గరుండి నేర్పినవాడు ప్రొబేషన్ ఆఫీసరు దానియేలు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. విడుదలైన పిల్లల ఇళ్ళకు నెలనెలా వెళ్ళి, వాకిట్లో కాసేపు కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి రావడమే ఆయన విద్య. వకుళ ఆయన్ని మాస్టారూ అని పిలిచేది.

అలా వెళ్ళిరావడం వల్ల నిజంగా మేలుందా అన్నదే ఆమె ప్రశ్న. రెండేళ్ళ కిందట విడుదలైన అరవైమంది పేర్లు చీటీల మీద రాసి, తన చేత్తోనే తీసింది. ముప్ఫైమంది ఇళ్ళకు మాస్టారు వెళ్ళాలి. తక్కిన ముప్ఫైమంది గడప తొక్కకూడదు. అలాగైతేనే తేడా తెలుస్తుంది మరి. ఆయన తల గోక్కుని, సరేనన్నాడు.

ఇప్పుడు గృహం రిజిస్టరు తిరగేస్తే, ఆయన వెళ్ళినవాళ్ళలో తొమ్మిదిమంది మళ్ళీ అక్కడికే వచ్చారు. వెళ్ళనివాళ్ళలో నలుగురే.

"ఇది పైకి పంపితే ఇళ్ళకు వెళ్ళే పనే ఎత్తేస్తారు మాస్టారూ. కానీ లెక్క లెక్కే కదా, నేనేం చెయ్యను?" అంది.

గొంతులో బాధ ఉంది. అడుగున కాస్త గర్వమూ లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళ నమ్మకాన్ని రెండేళ్ళలో తేల్చేసిన పిల్ల కదా!

దానియేలు ఆమె చేతిలోని లెక్క కాగితం అందుకుని చూశాడు. "ఈ పిల్లోళ్ళ వయసు ఇప్పుడెంతమ్మా?"

"పంతొమ్మిది, ఇరవై ఉంటాయి."

"రేపు పదింటికి రా. నేను పోని పిల్లోళ్ళ పేర్లు తెచ్చుకో."

తీసుకెళ్ళింది జిల్లా జైలుకు. ములాఖత్ కిటికీ దగ్గర ఆమె జాబితాలోంచి ఒక పేరు కాగితం మీద రాసి లోపలికిచ్చాడు. అప్పటికి గాని వకుళకు తట్టలేదు. పద్దెనిమిది దాటినవాడు తప్పు చేస్తే బాలుర గృహానికెందుకు వస్తాడు? ఇక్కడికొస్తాడు.

జాలీ అవతలికి మద్దిలేటి అనే కుర్రవాడు వచ్చాడు. గెడ్డం పెరిగింది. మాస్టార్ని చూడగానే వాడి మొహం విప్పారి, అంతలోనే ముడుచుకుపోయింది.

"ఇప్పుడొస్తిరా సార్?" అన్నాడు. "నాతోపాటే ఇడుదలైన ఓబులేసు వాళ్ళింటికి నెలనెలా వస్తాంటిరి. మా ఇంటి ముందర్నించే పోతాంటిరి. నేను వాకిట్లోనే కూసోని చూస్తాంటి. నా తట్టు తిరిగి గూడా చూడకపోతిరి."

"నేనేం తప్పు జేస్తి సార్?"

దానియేలు వకుళ వైపు చూశాడు.

జవాబు ఆమె దగ్గరే ఉంది. "చీటీలు తీసినప్పుడు..." అని మొదలుపెట్టి, ఆగిపోయింది. సిగ్గుతో తల పైకెత్తలేకపోయింది. వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పిలుపు రాగానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆ జాబితాలోంచి ఇంకా పదిమంది లోపలే ఉన్నారని తెలిసింది. మాస్టారు వెళ్ళినవాళ్ళలో ఇక్కడున్నది ఇద్దరేనని ఆయనే చెప్పాడు. ములాఖత్ వేళ అయిపోయేలోగా మరో ముగ్గుర్ని చూడగలిగారు. ముగ్గురినీ దానియేలు ఇంటికేమైనా కబురు చెప్పాలా అని అడిగాడు. వకుళ పక్కన నిలబడింది, అంతే.

బయటికొచ్చాక గోడ పక్కన కూలబడి ఏడ్చింది. "ఇది వద్దని ఆ రోజే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

దానియేలు ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"చదువుకున్నదానివి, నీకు తెలుసులే అని నేననుకుంటి. అనుభవముండేవాడు, తప్పైతే చెప్తాడులే అని నువ్వనుకుంటివి," అన్నాడు. "వాణ్ణి మాత్రం ఇద్దరమూ అడగకపోతిమి."